‘పురుగు ముట్టింది’ అనకండి: పాముకాటుపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తొలకరి పడి నాట్లు మొదలైతే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఈసారి వచ్చినవాటిలో పాముకాటు గురించి అడిగినవే ఎక్కువ. అందుకే మిగతా విషయాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు. ఊళ్లను కూడా ప్రాంతం వరకే సూచిస్తున్నాం.

జవాబులకు ముందు ఒక మాట చెప్పాలి. మన పల్లెల్లో చాలాచోట్ల చీకటి పడ్డాక పాము పేరెత్తరు. కాటు పడినా ‘పురుగు ముట్టింది’ అంటారు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో ఒక రాత్రి, పట్నంలో పుట్టి పెరిగి అప్పుడే డ్యూటీలో చేరిన కుర్ర డాక్టరొకరు ఈ మాట విని, ఏ తేలో జెర్రో కుట్టిందనుకుని నొప్పికి ఇంజెక్షన్ రాసి, వచ్చిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చిన స్టాఫ్ నర్సు ‘పురుగంటే పామండీ’ అని చెప్పింది కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఏమన్నా అనండి, ఆసుపత్రి గడప తొక్కగానే మాత్రం ‘పాము కరిచింది’ అని స్పష్టంగా చెప్పండి.

ప్రశ్న: సాయంత్రం గట్టు మీద నడుస్తుండగా మా నాన్నగారిని రక్తపింజరి కరిచింది. మా అన్నయ్య మోకాలి పైన తువ్వాలు గట్టిగా బిగించి, బండి మీద గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు గారు కట్టు చూసి బాగా కోప్పడ్డారు. నాన్నగారు కోలుకున్నారు గానీ కాలి మీద పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. కట్టు కట్టకపోతే విషం గుండెకు ఎక్కదా? (దివిసీమ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ అన్నయ్య చేసిన రెండు పనుల్లో నాన్నగారిని వెంటనే బండెక్కించడం ఆయన ప్రాణం కాపాడింది, తువ్వాలు బిగించడం మాత్రం కాలికి చెరుపు చేసింది. కాటు వేసిన చోటు నుంచి విషం చాలావరకు శోషరస నాళాల గుండా మెల్లగా పైకి పాకుతుంది. దాన్ని పూర్తిగా అడ్డుకోవాలంటే రక్తప్రసారం కూడా నిలిచిపోయేంత గట్టిగా కట్టాలి, అలా గంటసేపు ఉంచితే కాలికే ప్రమాదం. పైగా రక్తపింజరి విషానికి కండను తినేసే గుణం ఉంది. కట్టు దాన్ని ఒకేచోట బంధించి ఉంచుతుంది కనుక అక్కడి కండ మరింతగా దెబ్బతింటుంది. ఇంకో చిక్కు కట్టు విప్పేటప్పుడు వస్తుంది. అప్పటిదాకా కింద నిలిచి ఉన్న విషం ఒక్క ఊపున ఒంట్లోకి పాకి, అంతవరకు బాగానే మాట్లాడుతున్న మనిషి కూలబడిపోవచ్చు. డాక్టరు గారి కోపానికి కారణం అదే అయి ఉంటుంది. అందువల్ల ఎవరైనా తెలియక గట్టిగా కట్టి ఉంటే దారిలో తొందరపడి విప్పకండి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, మందులు చేతికందేలా ఉంచుకున్నాక డాక్టరే విప్పుతారు.

బ్లేడుతో గాటు పెట్టడం ఇంకా ప్రమాదకరం. పింజరి జాతి విషం రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. అటువంటి మనిషికి గాటు పెడితే ఆ నెత్తురు ఆగదు. నోటితో పీల్చడం సినిమాలకే పరిమితం కావాలి.

మరి ఏం చేయాలంటే, కరిచిన కాలిని గానీ చేతిని గానీ కదలనివ్వకూడదు. కండరం కదిలిన కొద్దీ విషం వేగంగా పాకుతుంది. ఎముక విరిగినప్పుడు దబ్బ కట్టినట్టు ఒక కర్రనో, మడిచిన వార్తాపత్రికల దొంతరనో ఆసరాగా పెట్టి, రక్తప్రసారం ఆగకుండా గుడ్డతో వదులుగా చుట్టాలి. వాపు వస్తుంది కనుక ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు, వాచీ ముందే తీసేయాలి. వాచిపోయాక మెట్టెను కత్తిరించాల్సి వచ్చిన సందర్భాలు నేను చూశాను. రోగిని నడిపించకూడదు, పరుగెత్తించకూడదు. వాంతులవుతున్నా, మగతగా ఉన్నా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. సారా, నాటు పసర్లు, కాచిన నెయ్యి వంటివేవీ పట్టించకూడదు. నొప్పి ఉందని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వేయకూడదు, అవి రక్తస్రావాన్నీ కిడ్నీల ఇబ్బందినీ పెంచుతాయి. కాటు పడిన సమయాన్ని గుర్తుపెట్టుకుని, వాపు ఎంతవరకు వచ్చిందో అక్కడ పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాస్తే డాక్టరుకు ఎంతో ఉపకరిస్తుంది.

వాహనం సంగతికి వస్తే, 108 త్వరగా రాగలిగితే అదే మేలు. రాలేకపోతే దాని కోసం కూర్చోకుండా మోటారు సైకిల్ మీద, నడిపే మనిషికీ వెనక పట్టుకునే మనిషికీ నడుమ రోగిని కూర్చోబెట్టి తీసుకెళ్లవచ్చు. ఇది గతిలేక చేసే పని అనుకోకండి. నేపాల్ తరాయి ప్రాంతంలోని కొన్ని గ్రామాల్లో బైకులున్న యువకులను ఇందుకోసమే సిద్ధంగా ఉంచి, ప్రజలకు ప్రథమ చికిత్స గురించి చెప్పినప్పుడు, అంతకుముందు విషం ఎక్కినవారిలో నూటికి పదిమందికి పైగా చనిపోతుండగా 2004 నాటికి ఆ సంఖ్య నూటికి ఒకటి కన్నా తక్కువకు పడిపోయింది. అక్కడ కొత్త మందేదీ రాలేదు, ఉన్న మందు దగ్గరికి మనుషులు త్వరగా చేరారు.

ప్రశ్న: ఇక్కడ ఆస్ట్రేలియాలో ప్రథమ చికిత్స తరగతిలో పాము కరిస్తే కాలంతా క్రేప్ బ్యాండేజీ చుట్టాలని నేర్పారు. ఒంగోలు దగ్గర పల్లెలో ఉన్న అమ్మానాన్నలకు అదే చెప్పవచ్చా? (మెల్‌బోర్న్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చెప్పవద్దు. అక్కడి పాముల విషం ప్రధానంగా నరాల మీద, రక్తం మీద పనిచేస్తుంది, కాటు దగ్గర కండ కుళ్లడం తక్కువ. మన దగ్గర పింజరులు, నాగుపాము కూడా కాటు చోట కండను బాగా దెబ్బతీస్తాయి. అందుకే మన జాతీయ చికిత్సా మార్గదర్శకాలు ఒత్తిడి కట్టును సూచించవు. మీ అమ్మానాన్నలకు బ్యాండేజీ కన్నా ఒక మంచి టార్చి లైటు, ఒక దోమతెర పంపండి.

ప్రశ్న: మా ఊళ్లో ఒక పెద్దాయన మంత్రం వేస్తారు. డబ్బు ముట్టుకోరు. మా చిన్నతనం నుంచి వందలమందిని బతికించారు. అన్నీ మూఢనమ్మకాలని తీసిపారేయడం న్యాయమా? (నాగర్‌కర్నూల్ ప్రాంతం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ పెద్దాయన నిజాయితీని నేను శంకించడం లేదు, ఆయన దగ్గరికి వెళ్లినవారిలో ఎక్కువమంది బతికారన్న మీ మాటనూ నమ్ముతున్నాను. ఎందుకు బతికారన్నదే ప్రశ్న. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం పదిమందిని పాము కరిస్తే అందులో ఏడుగురిని కరిచేది జెర్రిపోతు, నీరుకట్టె వంటి విషం లేని పామే. మిగిలిన ముగ్గురిని విషసర్పం కరిచినా, వారిలో దాదాపు సగం మంది ఒంట్లోకి అది విషం వదలదు. పళ్లు దిగుతాయి గానీ విషం దిగదు. అంటే పదిమందిలో ఎనిమిదిమందికి పైగా మంత్రం వేసినా, వేయకపోయినా, వేపచెట్టు కింద కూర్చున్నా బతుకుతారు. ఆ ఎనిమిదిమంది జీవితాంతం ఆయన పేరు చెప్పుకుంటారు. తక్కిన ఒకరిద్దరి విషయంలో ‘ఆయువు తీరింది’ అనో, ‘ఆలస్యంగా తెచ్చారు’ అనో ఊరు సర్దుకుంటుంది.

వేపాకు తినిపించి చేదు తెలుస్తోందా అని, మిరపకాయ నమిలించి కారం తగులుతోందా అని చూసే పరీక్ష సంగతీ ఇంతే. కారం తెలిసినంత మాత్రాన విషం ఎక్కలేదని కాదు. రక్తపింజరి కరిచిన మనిషికి లోపల రక్తం గడ్డకట్టడం మానేసినా నాలుకకు కారం చక్కగా తెలుస్తూనే ఉంటుంది.

దైవభక్తి మీద నాకు అభ్యంతరం లేదు. 2018 ఆగస్టులో కృష్ణా జిల్లాలో పాముకాట్లు వరుసగా పడి జనం బెంబేలెత్తినప్పుడు మోపిదేవి ఆలయంలో సర్పశాంతి హోమం జరిగింది. దాంతో ఊరికి కాస్త ధైర్యం వస్తే మంచిదే. మంత్రం దగ్గర పోయేది సమయం. మీ పెద్దాయనను ఎదిరించకండి, కలుపుకోండి. ఆయన మాటకు ఊళ్లో విలువ ఉంది కనుక ‘నేను మంత్రం వేశాను, ఇక బండెక్కి ఆసుపత్రికి పోండి’ అని ఆయన నోటితోనే చెప్పించగలిగితే, ఏ ఆరోగ్య శాఖ పోస్టరూ చేయలేని పని ఆయన చేసినవారవుతారు.

ప్రశ్న: నా తరగతిలో చదివే తొమ్మిదేళ్ల అబ్బాయి ఆరుబయట చాప మీద పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచాడు, రెండు వాంతులయ్యాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చారు. బడి వేళకు కళ్లు తెరవలేకపోయాడు, మాట ముద్దగా వచ్చింది. పెద్దాసుపత్రిలో పాము కరిచిందన్నారు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, నొప్పి లేదు. ఆరు రోజులు మిషను మీద ఉండి బతికాడు. గాటు లేకుండా కాటు ఎలా? (అనంతపురం ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: మీరు వర్ణించింది కట్లపాము లక్షణం. నల్లగా నిగనిగలాడుతూ ఒంటి మీద సన్నని తెల్లని పట్టీలుండే ఈ పాము పగలు దాదాపు కనిపించదు. రాత్రి ఎలుకల కోసం, ఇతర పాముల కోసం తిరుగుతూ నేల మీద పడుకున్న మనిషి దగ్గరికి వస్తుంది. నిద్రలో మనం దొర్లినప్పుడు కరుస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. దోమ కుట్టినంత బాధ కూడా ఉండకపోవచ్చు, తెల్లారేసరికి గుర్తు కూడా మిగలకపోవచ్చు. ముందుగా వచ్చేది కడుపునొప్పి, వాంతి, గొంతు నొప్పి. తర్వాత రెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, మెడ నిలవదు, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేస్తాయి.

కాబట్టి వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి వేకువన కారణం తెలియని కడుపునొప్పితో లేస్తే, కళ్లెత్తి కప్పు కేసి చూడమనండి. రెప్పలు పైకి లేవకపోతే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా బయలుదేరండి. రెప్పలు మామూలుగా ఉన్నా నిశ్చింతగా ఉండకండి. అవి కొన్ని గంటల తర్వాత కూడా వాలవచ్చు. ఊళ్లలోని ఆర్‌ఎంపీలు, ఏఎన్‌ఎంలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకున్నా ఏటా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

విరుగుడు మందు ఇచ్చినా కట్లపాము విషం అప్పటికే నరాల చివళ్లను దెబ్బతీసి ఉంటే అవి తిరిగి కోలుకోవడానికి రోజులు పడుతుంది. నాగుపాము కాటుకు బాగా పనిచేసే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ దీనికి అంతగా పనిచేయదు. ఆ రోజుల్లో మనిషిని నిలబెట్టేది వెంటిలేటరు. వెంటిలేటరు ఉన్నచోటికి చేరేదాకా ఆంబూ బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి. ఒకసారి కరెంటూ లేక, మిషనూ లేక, ఒక యువతికి తెల్లవార్లూ వంతులవారీగా ఆంబూ బ్యాగు నొక్కాం. హౌస్ సర్జన్లకు చేతులు తిమ్మిరెక్కితే ఆమె మేనమామ నొక్కాడు. ఆమె కనుపాపలు కూడా కదలడం లేదు, గిల్లినా ఉలుకు లేదు. ఇంకెందుకని బంధువులు గొణిగారు. నాలుగో రోజు కళ్లు తెరిచాక, ఆ గొణుగుడు మొత్తం తాను విన్నానని ఆమె చెప్పింది. కట్లపాము కాటులో ఒళ్లంతా చచ్చుబడినా స్పృహ ఉండవచ్చు. కనుపాపలు కదలలేదని, మనిషి పోయాడని తొందరపడి నిర్ణయించకూడదు.

నివారణ చాలా తేలిక. మంచం మీద పడుకోవాలి. మంచం లేకపోతే చాప చుట్టూ దోమతెర కట్టి, అంచులను చాప కిందికి గట్టిగా దోపాలి. ఊరికే వేలాడే తెర వల్ల లాభం లేదు.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. మా పీహెచ్‌సీలో పాము మందు ఉంటుంది గానీ, రియాక్షన్ వస్తుందన్న భయంతో ఎక్కువసార్లు జిల్లా ఆసుపత్రికే పంపుతారు. దారి మూడు గంటలు. ఇది సరైనదేనా? పిల్లలకు సగం డోసు సరిపోతుందా? (శ్రీకాకుళం ఏజెన్సీ ప్రాంతం నుంచి)

జవాబు: విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తుంటే మొదటి డోసు ఇవ్వకుండా మూడు గంటల దారిన పంపడం సరైనది కాదు. మొదటి డోసు ఇచ్చి, ఏమిచ్చారో ఏ సమయానికి ఇచ్చారో చీటీ రాసి, ఆ తర్వాత పంపాలి.

రియాక్షన్ భయం నిరాధారమైనది కాదు. ఈ మందును గుర్రాల రక్తం నుంచి తీస్తారు. చెన్నై సమీపంలోని వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటిని పట్టి, మట్టికుండల్లో ఉంచి, విషం తీసి, కొన్ని వారాలయ్యాక తిరిగి వదిలేస్తుంది. దేశంలో మందు తయారీకి వాడే విషంలో చాలా భాగం అక్కడి నుంచి వచ్చేదే. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో ప్రతిరోధకాలు పుడతాయి. వాటిని శుద్ధి చేసి పొడిగా మార్చి సీసాల్లో నింపుతారు. హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ ఇలా తయారుచేసే సంస్థల్లో ఒకటి. వేరే ప్రాణి మాంసకృత్తులు కనుక కొందరికి దద్దుర్లు, చలి, ఆయాసం, అరుదుగా బీపీ పడిపోవడం జరుగుతాయి. అయితే దానికి విరుగుడు ప్రతి పీహెచ్‌సీ ట్రేలో ఉండే అడ్రినలిన్. పెద్దవారికి అర మిల్లీగ్రాము తొడ కండకు ఇస్తే ఎక్కువమంది నిమిషాల్లో తేరుకుంటారు. మందు ఎక్కించడానికి ముందే దాన్ని సిరంజిలోకి తీసి పెట్టుకుంటే భయం సగం తగ్గుతుంది. చర్మం మీద టెస్ట్ డోసు వేసి చూసే పాత పద్ధతి వల్ల ప్రయోజనం లేదని తేలింది, దాన్ని మానేశారు.

డోసు మనిషి బరువును బట్టి ఉండదు. పాము చిన్నపిల్లవాడని తక్కువ విషం వదలదు కదా! ఒక సీసా మందు దాదాపు 6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని విరుస్తుంది. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాములు వదులుతుందని మార్గదర్శకాలు చెబుతున్నాయి. పది సీసాలతో మొదలుపెట్టడం వెనక లెక్క ఇదే. పిల్లలకైనా, గర్భిణులకైనా అదే మోతాదు. గర్భిణి కదా అని మందు ఆపడం తల్లికీ బిడ్డకీ చేటు.

రక్తం మీద విషం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన ల్యాబు అక్కర్లేదు. కొత్త, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూస్తే చాలు. గడ్డ కట్టి ఉంటే గొట్టం వంచినా జారదు. నీళ్లలా జారితే పింజరి విషం ఎక్కినట్టే. గొట్టం మాత్రం గాజుదే కావాలి, సబ్బుతో కడిగినది కాకూడదు. ప్లాస్టిక్ గొట్టంలోనూ, సబ్బు మరక ఉన్నదానిలోనూ మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టదు. మొదటిసారి గడ్డకట్టినా ఊరుకోకుండా మళ్లీ మళ్లీ చూస్తారు. లక్షణాలు ఏమీ లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలో ఉంచమనేది అందుకే. మీ వాళ్లు సాయంత్రానికే ఇంటికి పోతామని మారాం చేస్తే నచ్చజెప్పే పని మీది.

మీ ఏజెన్సీ గురించి ఒక జాగ్రత్త. తూర్పు కనుమల్లో గిరినాగు (కింగ్ కోబ్రా) కూడా ఉంది. మన మందు పైన చెప్పిన నాలుగు పాములకే. గిరినాగు కాటుకు దాని మీద ఆధారపడలేం, ఊపిరి నిలిపే ఏర్పాటు ఉన్న ఆసుపత్రికే పరుగెత్తాలి. అది మనిషి జోలికి రావడం అరుదన్నది ఒక ఊరట.

వర్షాలకు ముందే మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ పీహెచ్‌సీలో ఎన్ని సీసాలున్నాయి, వాటి గడువు తేదీ ఎప్పుడు, రాత్రి డ్యూటీ ఎవరిది, దగ్గరలో వెంటిలేటరు ఎక్కడుంది అన్న నాలుగు సంగతులు కనుక్కుని, అంగన్‌వాడీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం. ఆ మాట కూడా అక్కడే రాయించండి.

ప్రశ్న: కరిచిన పామును చంపి తీసుకెళ్లాలా? (సిద్దిపేట ప్రాంతం నుంచి)

జవాబు: అక్కర్లేదు. నాలుగింటికీ ఒకటే మందు, డాక్టరు లక్షణాలు చూసి వైద్యం చేస్తారు. పామును వెంటాడి రెండో కాటు తిన్నవారున్నారు. తెగిన తల కూడా కొంతసేపు కరవగలదు. దూరం నుంచి సెల్‌ఫోన్‌తో ఫోటో తీయగలిగితే చాలు. పేరు చెప్పడం కన్నా ఫోటో నయం, ఎందుకంటే పేర్లు ప్రాంతానికో రకంగా ఉంటాయి. ఒకచోట రక్తపింజరి అన్నదాన్ని మరోచోట పొడపాము అంటారు. పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు అక్కడివారు ఆ పామును ‘కాటుక రేకుల పొడ’ అనడం విని, 1796లో వచ్చిన తన పుస్తకంలో ఆ పేరుతోనే రాశాడు. ఇంత అందమైన తెలుగు పేరు మనం మరిచిపోయాం, ఇంగ్లీషులో మాత్రం ఆ పాము ఇప్పుడు ఆయన పేరుతోనే చలామణి అవుతోంది.

ప్రశ్న: ఇంటి చుట్టూ వెల్లుల్లి రసం, ఫినాయిల్ చల్లితే పాములు రావంటారు. నిజమేనా? పొలంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి? (గుంటూరు ప్రాంతం నుంచి)

జవాబు: వాసనలను నమ్ముకుని ప్రయోజనం లేదు. పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం, దాక్కునే చోటు కోసం. వడ్ల బస్తాలు, కోళ్లగూడు, పిడకల గూడు, కట్టెల మోపు పడకగదికి ఆనించి ఉంటే ఎలుకను మనమే పిలిచినట్టు, దాని వెనకాలే పామునూ పిలిచినట్టు. గోడ కలుగులు పూడ్చండి. గడ్డివాములో నుంచి గడ్డి లాగేటప్పుడు, పిడకలు తీసేటప్పుడు ముందు కర్రతో కదపండి. పొలంలో నా లెక్క ప్రకారం ఎక్కువ ప్రమాదం మోటారు దగ్గరే. రాత్రి కరెంటు రాగానే ఉత్తకాళ్లతో గట్టెంట పరుగెత్తి, చీకట్లో స్టార్టరు డబ్బా కోసం చెయ్యి చాపుతాం. ఆ షెడ్డు వెచ్చగా, పొడిగా ఉంటుంది కనుక పాముకూ అదే ఇష్టం. టార్చి వేసి డబ్బా చుట్టూ చూశాకే చెయ్యి పెట్టండి. మడమ పైదాకా వచ్చే బూట్లు వేసుకుంటే పాదం మీద పడే కాట్లు చాలావరకు తప్పుతాయి. బురద మడిలో బూట్లతో నాట్లు వేయడం కుదరదని నాకూ తెలుసు, కనీసం గట్ల మీద నడిచేటప్పుడైనా వేసుకోండి. ఇంట్లోకి పాము వస్తే కొట్టకుండా దూరంగా నిలబడి దాని మీద చూపు ఉంచి, అటవీ శాఖకు గానీ పాములు పట్టే శిక్షణ పొందినవారికి గానీ కబురు చేయండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏళ్లుగా ఈ పని చేస్తోంది.

ప్రశ్న: పాముకాటు మరణాల గురించి ప్రభుత్వాలు ఏమైనా పట్టించుకుంటున్నాయా? (హైదరాబాద్ నుంచి ఒక జర్నలిజం విద్యార్థి)

జవాబు: ఆలస్యంగా మొదలుపెట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చి, 2030 నాటికి మరణాలను, అంగవైకల్యాలను సగానికి తగ్గించాలని 2019లో లక్ష్యం పెట్టింది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షలమంది, అంటే సగటున ఏటా 58 వేలమంది చనిపోయారని ఇళ్లకు వెళ్లి మరణ కారణాలు అడిగి చేసిన అధ్యయనం అంచనా వేసింది. వారిలో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనివారే. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదిలో ఒకటి. మరణాల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే సంభవించాయి. ఎక్కువమంది పల్లెల్లో, ఇంటి దగ్గరే పోయారు కనుక ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కలేదు. ఆసుపత్రి లెక్కలను మాత్రమే చూసి మందు పంచితే మందు ఎప్పుడూ తక్కువే పడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. దానితోపాటే 15400 అనే సహాయ నంబరును ప్రయోగాత్మకంగా ఐదుచోట్ల ప్రారంభించింది; వాటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది. సలహాకు ఆ నంబరు, వాహనానికి 108. అదే ఏడాది నవంబరులో పాముకాటు కేసులను, మరణాలను తప్పనిసరిగా నమోదు చేసే వ్యాధుల జాబితాలో చేర్చాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. మీరు జర్నలిజం చదువుతున్నారు కనుక, మీ సొంత జిల్లాలో ఈ నమోదు జరుగుతోందో లేదో వెళ్లి అడగడం మంచి కథనమవుతుంది.

ప్రశ్న: మా మరిది పాముకాటుతో పోయాడు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే బీమా ఉంది. ఎఫ్‌ఐఆర్ లేదు, రాదని ఎవరో అన్నారు. (కర్నూలు ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అయి ఉంటుంది. 18 నుంచి 70 ఏళ్ల వయసువారికి ప్రమాదవశాత్తు మరణం సంభవిస్తే 2 లక్షల రూపాయలు ఇస్తారు, పాముకాటు ప్రమాదం కిందికే వస్తుంది. రోడ్డు ప్రమాదాల వంటివాటికి పోలీసులకు తెలియజేయాలి గానీ, పాముకాటు వంటివాటికి వెంటనే చూపించిన ఆసుపత్రి రికార్డు ఆధారంగా సరిపోతుందని ఆ పథకం నిబంధనల్లోనే ఉంది. మరిదిగారి ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు ఆలస్యం చేయకుండా వెళ్లి, ఆసుపత్రి కాగితాలతో క్లెయిము ఫారం ఇవ్వండి. ఆ కాగితాల మీద ‘పాముకాటు’ అన్న మాట స్పష్టంగా ఉందో లేదో ముందు చూసుకోండి. ‘పురుగు కాటు’ అని రాసి ఉంటే ఆసుపత్రికి వెళ్లి కేస్ షీటు ప్రకారం సరిచేసి ఇమ్మని అడగండి.